విశాఖ–భీమిలి తీరంలో స్థలం ఎలా ఎంచుకోవాలి?

సముద్రం పక్కన స్థలం అనగానే చాలామంది చేసేది ఒకటే. ఆదివారం పొద్దున్నే వెంచర్ వాళ్ల కారెక్కి రుషికొండ దాటి వెళ్తారు, చల్లగాలికి మురిసిపోతారు, అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆరు నెలల తర్వాత ఇంటి ప్లాను అనుమతి రాక తిరిగొస్తుంది. అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. బంధువులకీ స్నేహితులకీ తోడుగా ఈ తీరంలో స్థలాలు చూసిపెడుతుంటాను. ఇలాంటి కష్టాల్లో చాలా వరకు ఒక్క పని ముందే చేసుంటే వచ్చేవి కావు. ఆ పని గురించి వివరంగా రాస్తాను. మిగతావి తేలిక కాబట్టి గబగబా చెప్పేస్తాను.

వెంట ఉండాల్సినవి: సర్వే నంబరు, ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే శాఖ కొలతల పటం) నకలు, ఫోను, కడిగి ఆరబెట్టిన ఖాళీ నీళ్ల సీసా. బ్రోకరు కారులో మాత్రం వెళ్లకండి. సొంత బండి మీద వెళితే దారిలో ఎక్కడైనా ఆగి నలుగురిని అడగొచ్చు.

మొదట నీళ్లు. స్థలం మే నెలలోనే చూడాలి. వానలు పడ్డాక ఏ బోరు నీళ్లయినా బాగానే ఉంటాయి. ఎండాకాలంలో పక్కింటి బోరు నీళ్లు సీసాలో పట్టి ల్యాబులో ఇవ్వండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకోవచ్చని ప్రమాణం చెబుతుంది. అది దాటితే ఆ స్థలం వదిలేయండి.

తర్వాత సముద్రం. మంగమారిపేటలోనో చేపలుప్పాడలోనో పెద్దవాళ్లని రెండు ప్రశ్నలు అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? వలలు ఆరేసే చోటు మీ చిన్నప్పుడు ఎక్కడుండేది? మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మధ్యలో రేవు గోడ అడ్డుపడితే దానికి ఉత్తరాన ఉన్న తీరం కోసుకుపోతుంది. రేవులో తవ్వితీసిన ఇసుకను ఆర్కే బీచ్‌కి పోయాల్సి రావడానికి కారణం ఇదే. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఊరే కొంచెం కొంచెంగా సముద్రంలో కలిసిపోతోంది. అందుకని నా లెక్కలో మొదటి వరస స్థలం కొననే కూడదు. బీచ్ రోడ్డుకి కొండ వైపున, కాస్త మెరక మీద, తీరం నుంచి కనీసం కిలోమీటరు దూరంలో ఉన్నదే తీసుకోవాలి. మేడ మీదికెక్కితే సముద్రం ఎలాగూ కనిపిస్తుంది.

కాగితాలు మామూలే. 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం), పాత లింకు డాక్యుమెంట్లు, 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు), లేఅవుటుకి వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడాలి. డీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమి జోలికి వెళ్లొద్దు. 2023లో చట్టం సవరించారు కదా, 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చు కదా అని వాదించేవాళ్లుంటారు. ఆ వాదన విని మీ డబ్బు పెట్టకండి.

ఇక అసలు పని: పోటు గీత ఎక్కడుందో తేల్చుకోవడం. దీన్నే హై టైడ్ లైన్ అంటారు. సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నిబంధనల కొలతలన్నీ ఈ గీత నుంచే మొదలవుతాయి. గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా ఆ నిబంధనల పరిధి. దాదాపు అందరూ తప్పుచేసేది ఇక్కడే. బ్రోకరు తడి ఇసుక దగ్గర నిలబడి టేపు పట్టి, చూడండి, కట్టకూడని 200 మీటర్లు దాటింది అంటాడు. మీరు ఫోనులో కొలిచి, నిజమే అంటారు. తడి ఇసుక అంచు పోటు గీత కాదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీళ్లు ఎక్కే చివరి హద్దుని కేంద్రం అధికారం ఇచ్చిన సంస్థలు గుర్తించి మ్యాపులో గీస్తాయి. మీరు వెళ్లిన రోజు అల ఎక్కడ ఆగిందన్నదాంతో దానికి సంబంధం లేదు.

రెండో తప్పు, బీచ్ వైపు మాత్రమే కొలవడం. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పోటు నీళ్లు ఏట్లోకి ఎదురెక్కుతాయి. బాగా ఎండగా ఉండే కాలంలో లీటరు నీళ్లలో 5 గ్రాముల ఉప్పు తేలే చోటు దాకా ఆ ఏటి గట్లు కూడా నిబంధనల కిందికే వస్తాయి. బీచ్‌కి దూరమే కదా అని ఏటి ఒడ్డున కొన్నవాళ్లు ఈ సంగతి ప్లానుకి వెళ్లినప్పుడే తెలుసుకుంటారు. ఇసుక దిబ్బలైతే మరీ కఠినం, అవి సీఆర్‌జెడ్-1. ఎర్రమట్టి దిబ్బల పరిసరాల్లో ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

మూడోది మ్యాపు. తీర మండల నిర్వహణ ప్రణాళిక మ్యాపులు సాధారణంగా 1:25,000 కొలతలో ఉంటాయి. అంటే మ్యాపు మీద ఒక మిల్లీమీటరు నేల మీద 25 మీటర్లు. 200 గజాల ప్లాటు మొత్తం ఆ గీత మందంలోనే ఇమిడిపోతుంది. కంప్యూటర్లో మ్యాపు పెద్దది చేసి, మన ప్లాటు గీతకి అవతలుంది అని సంతోషపడటం వల్ల ప్రయోజనం లేదు. మీ సర్వే నంబరుని 1:4000 మ్యాపు మీద పరిచి రిపోర్టు ఇమ్మని అధీకృత సంస్థని అడగాలి. చెన్నైలో ఎన్‌సీఎస్‌సీఎం (కేంద్రం వారి తీర నిర్వహణ పరిశోధన సంస్థ), అన్నా యూనివర్సిటీ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఇలాంటివే. మ్యాపు ఏ నోటిఫికేషన్ ప్రకారం తయారైందో కూడా చూడండి. 2011 నోటిఫికేషన్ గ్రామీణ తీరంలో 200 మీటర్ల దాకా నిర్మాణం వద్దంది. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న చోట దాన్ని 50కి తగ్గించింది. బ్రోకర్లు 50 అనే మాటనే పట్టుకుంటారు. మీ ఊరికి అది వర్తిస్తుందో లేదో రిపోర్టే చెప్పాలి.

పక్కనే మత్స్యకారుల ఇళ్లున్నాయిగా అంటారు. తరతరాలుగా అక్కడుంటున్నవాళ్లకి ఇచ్చిన వెసులుబాటు అది, కొనుక్కున్న మీకు రాదు. మన స్థలానికీ సముద్రానికీ మధ్య రోడ్డుందిగా, కట్టుకోవచ్చు అంటారు. పాత రోడ్డుకి సముద్రం వైపున కొత్తగా వేసిన రోడ్డు లెక్కలోకి రాదు. పంచాయతీ అనుమతి ఉందిగా అంటారు. కొచ్చి దగ్గర మరడులో అపార్ట్‌మెంట్లకీ పంచాయతీ అనుమతి ఉంది. అయినా సీఆర్‌జెడ్ ఉల్లంఘన కింద సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేల్చి కూల్చేశారు. ఇంటి అప్పులు తీరుస్తున్న కుటుంబాలు చూస్తూ నిలబడాల్సి వచ్చింది.

ముందు వాస్తు చూపించుకుని, రిజిస్ట్రేషన్ అయ్యాక ఇవన్నీ చూసుకునే పద్ధతి మనలో ఉంది. దాన్ని తిరగెయ్యండి. రిపోర్టు చేతికొచ్చాకే ధర మాట్లాడండి. అమ్మేవాళ్లు తొందరపెడితే, రిపోర్టు వ్యతిరేకంగా వస్తే అడ్వాన్సు మొత్తం తిరిగిస్తామని అగ్రిమెంటులో రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

కట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరు), స్లాగ్ సిమెంటు వాడాలి. సెల్లారు వద్దు. బీచ్ ఇసుక అసలు వద్దు. కలపడానికీ తడపడానికీ మంచినీళ్లే కావాలి కాబట్టి, మేస్త్రీతో రేటు మాట్లాడే రోజే ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో తేల్చుకోండి.