బయటి దేశాల ఆఫీసులకి ల్యాప్‌టాప్‌లు మనమే కొని పంపాలా, వాళ్లనే కొనుక్కోమనాలా?

నాలుగైదు దేశాల్లో ఆఫీసులున్న కంపెనీలో ఐటీ సామాను కొనే పని నెత్తిన పడితే మొదటి నెలలోనే ఈ పంచాయితీ వస్తుంది. ఫైనాన్స్ వాళ్లేమో అన్నీ ఒకేచోట కొంటే రేటు తగ్గుతుంది కదా అంటారు, అక్కడి ఆఫీసు వాళ్లేమో కొత్తవాడు సోమవారం జాయిన్ అవుతున్నాడు, మీ ఆర్డర్ వచ్చేదాకా వాడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా అంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, నాకు కుదిరిన పద్ధతి ఒక్కటే: మోడలూ రేటూ ఒకచోట తేల్చెయ్యాలి, ఆర్డరూ బిల్లూ డెలివరీ ఏ దేశానిది ఆ దేశంలోనే అయిపోవాలి.

ఎందుకో చెప్తా. ఒకసారి అమెరికా ఆఫీసు వాళ్లు అక్కడ ఆఫర్లో వచ్చాయని 14 ల్యాప్‌టాప్‌లు కొని మాకు కొరియర్ చేసేశారు. ఇన్వాయిస్‌లో ఒక్కోటి 1 డాలర్ అని వేశారు, మన కంపెనీ నుంచి మన కంపెనీకే కదా, అమ్మకం కాదు కదా అని వాళ్ల లాజిక్. శంషాబాద్ కార్గోలో కస్టమ్స్ వాళ్లు ఊరుకుంటారా, అసలు విలువ చూపించమని ఆపేశారు. పార్శిల్ మీద కంపెనీ పేరు కాదు, నా పేరుంది! ఇక ఐఈసీ (దిగుమతి చేసుకోడానికి ఉండాల్సిన కోడ్) ఏది, బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఏది అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు, ఈలోపు సరుకు అక్కడ పడున్నందుకు వేసే డెమరేజ్ మీటర్ తిరుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్‌కి కస్టమ్స్ డ్యూటీ సున్నానే, కానీ 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) కట్టాలి, ఆ డబ్బు కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో క్రెడిట్ రావాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కిచ్చే దిగుమతి పత్రం) మీద కంపెనీ జీఎస్టీ నంబర్ ఉండాలి, నా పేరు మీద వస్తే ఆ 18 శాతం గోవిందా. పైగా 2023 నవంబర్ నుంచి ల్యాప్‌టాప్ దిగుమతికి డీజీఎఫ్‌టీ (కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే విభాగం) ఆథరైజేషన్ కూడా మొదలైంది. ఆఫర్లో మిగిలింది ఏమైందో మీరే ఊహించుకోండి.

కాబట్టి ముందు ఒక షీట్ తీసి, ఏ దేశంలో మన కంపెనీ రిజిస్టర్ అయి ఉంది, ట్యాక్స్ నంబర్ ఏంటి, సామాను ఎవరి చేతికి వెళ్లాలి, ఇవి రాసుకోండి. బ్రెజిల్ ఉంటే ఆలోచించక్కర్లేదు, అక్కడే కొనండి, దిగుమతి పన్నులు ఒకదాని మీద ఒకటి పడతాయి, వైఫై ఉన్న ప్రతిదానికీ అనాటెల్ (అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) అప్రూవల్ గోల వేరే.

తర్వాత స్టాండర్డ్ మోడల్స్, రెండో మూడో చాలు. పార్ట్ నంబర్‌తో రాయకండి, అదే ల్యాప్‌టాప్‌కి దేశానికో పార్ట్ నంబర్ ఉంటుంది. సిరీస్, ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, ఇలా రాయండి. కీబోర్డ్ మాత్రం ఆ దేశానికే వదిలెయ్యండి. ఇది చిన్న విషయం అనుకుని మేం బోల్తాపడ్డాం: జర్మనీలో కొన్న ల్యాప్‌టాప్‌లో మా సెటప్ అమెరికన్ లేఅవుట్‌తో వెళ్లింది, మేం పంపిన పాస్‌వర్డ్‌లో వై ఉంది, జర్మన్ కీబోర్డ్ మీద వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. ఆ అమ్మాయి వై అని రాసున్న కీ నొక్కితే లోపల జెడ్ పడుతోంది, పాస్‌వర్డ్ చుక్కల్లో కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు, అకౌంట్ లాక్. గంటన్నర కాల్.

రేటు మాట్లాడేటప్పుడు బ్రాండ్ గ్లోబల్ అకౌంట్ టీమ్‌తోనే మాట్లాడి, లిస్ట్ ధర మీద ఎంత శాతం తగ్గింపో దేశాలవారీగా రాతలో తీసుకోండి, పక్కనే అక్కడ ఆ బ్రాండ్ సరుకు అమ్మే పార్టనర్ పేరు కూడా. పోల్చేటప్పుడు ట్యాక్స్ తీసేసి, వారంటీ ఏళ్లు సమానంగా పెట్టి పోల్చండి. జర్మనీలో 19, బ్రిటన్‌లో 20 శాతం వ్యాట్ ఉంటుంది, మామూలుగా కంపెనీకి తిరిగొచ్చేదే, అది కలిపి చూసి యూరప్ ఖరీదు అని మా ఫైనాన్స్ ఒక క్వార్టర్ మొత్తం వాదించింది.

ప్రతి పీవోలో (కొనుగోలు ఆర్డర్‌లో) మీ ఆటోపైలట్ (కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌ని కంపెనీ సెటప్‌లోకి తెచ్చే మైక్రోసాఫ్ట్ సర్వీస్) టెనెంట్ ఐడీ, మ్యాక్‌లైతే అలాంటిదే యాపిల్ బిజినెస్ మేనేజర్ ఐడీ రాయండి, పార్టనరే డివైజ్‌ని మీ అకౌంట్‌లో వేసేస్తాడు. ఎవరో షాపులో మ్యాక్ కొనేస్తే కాన్ఫిగరేటర్ అనే యాపిల్ యాప్‌తో మీరే ఎక్కించుకోవాలి, పైగా మొదటి 30 రోజులు వాడేవాడు దాన్ని మేనేజ్‌మెంట్ నుంచి తీసేసుకోవచ్చు.

మానిటర్లు, మౌస్‌లు, కేబుళ్లు మాత్రం లోకల్ వాళ్లకి ఒక లిమిట్ ఇచ్చి వదిలెయ్యండి. మిక్కీ మౌస్ ఆకారం మూతి ఉండే ల్యాప్‌టాప్ ఛార్జర్ పవర్ కేబుల్ ఒక్కటి కావాలంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తే పావుగంట పని, దానికి కూడా సెంట్రల్ అప్రూవల్ పెడితే జనం మన మొహాన ఉమ్మేస్తారు.

పంపక తప్పనివి కొన్ని ఉంటాయి, ముందే కాన్ఫిగర్ చేసిన ఫైర్‌వాల్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసే డబ్బా) లాంటివి. వాటికి ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ సర్వీస్ (ఆ దేశంలో మన బదులు దిగుమతిదారుగా ఉండేవాళ్లు) పెట్టుకోండి, ఇన్వాయిస్‌లో అసలు ధరే వెయ్యండి. అమెరికా నుంచి వస్తున్న మేనేజర్‌తో నాలుగు సీల్డ్ డబ్బాలు తెప్పించే ఐడియా మాత్రం వద్దు, ఇండియాకి వచ్చే పెద్దవాళ్లకి డ్యూటీ లేకుండా ఒక్క ల్యాప్‌టాపే.

ఎవరైనా మానేస్తే ఆ ల్యాప్‌టాప్‌ని ఇక్కడికి తెప్పించుకోవద్దు, వాడిన కంప్యూటర్ల దిగుమతికి ఇండియాలో మళ్లీ వేరే పర్మిషన్ కావాలి. అక్కడే డేటా అంతా వైప్ చేసి తర్వాతి వాళ్లకి ఇప్పించండి, పాతబడితే అక్కడి ఈ-వేస్ట్ వాళ్లకి ఇచ్చి సర్టిఫికెట్ మెయిల్ చెయ్యమనండి.