మామోగ్రఫీ డోసు 3 దాటితే నేను చేసిన పని (నా అనుభవం)

శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రి మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) మెషీన్‌కి క్యూసీ, అంటే నాణ్యత పరీక్ష, చేస్తున్నాను. 4.2 సెం.మీ. రొమ్ముకి సమానమైన ఫాంటమ్ (పరీక్ష కోసం వాడే నకిలీ దిమ్మ) మీద గ్రంథి కణజాలానికి సగటు డోసు ఒక్కో ఎక్స్‌పోజర్‌కి 3 మిల్లీగ్రేలు (రేడియేషన్ డోసు కొలత) దాటకూడదు. నాకు 3.3 వచ్చింది. "ఏటండీ, మిషను పోయినట్టేనా?" అని టెక్నీషియనమ్మ కంగారు.

ఎక్స్‌రే ట్యూబ్‌ని అనుమానించి గంట వృథా చేశాను. తప్పు నాదే. ముందు ఫాంటమ్ పెట్టి ఆటో ఎక్స్‌పోజర్ ఇచ్చి, మెషీన్ తనే ఎంచుకున్న కేవీ (కిరణాల శక్తిని నిర్ణయించే వోల్టేజీ), ఎంఏఎస్ (కిరణాల మొత్తం) రాసుకున్నాను. తర్వాత ఫాంటమ్ తీసి, అవే విలువలతో మాన్యువల్‌గా చాంబర్ (లోపలి గాలితో రేడియేషన్ కొలిచే పరికరం) మీద కొలిచాను. చాంబర్ అమర్చడానికి అడ్డొస్తోందని కంప్రెషన్ ప్లేట్ (రొమ్ముని అదిమి పట్టే ప్లాస్టిక్ పలక) తీసేసి, మళ్లీ పెట్టలేదు! పేషెంటుకి వెళ్లే కిరణాలు ఆ ప్లేట్ దాటే వెళ్తాయి. ఇంత తక్కువ కేవీ కిరణాలని పల్చటి ప్లాస్టిక్ కూడా బాగానే పీల్చేస్తుంది.

ప్లేట్‌ని చాంబర్ పైకి తెచ్చి, చాంబర్‌ని ఛాతీ వైపు అంచుకి 4 సెం.మీ. లోపల, ఫాంటమ్ పైభాగం ఎత్తులో పెట్టాను. 2.5 వచ్చింది. ఏసీ పనిచేయక గది 31 డిగ్రీలుంది. చాంబర్ కాలిబ్రేషన్ (రీడింగ్ సరిచూసి పెట్టడం) చేసింది 22 డిగ్రీల దగ్గర. వేడికి చాంబర్‌లోని గాలి పలచబడి రీడింగ్ తగ్గుతుంది కాబట్టి 3 శాతం కలిపి, 2.6 అని రాశాను.