యూనిక్స్ మెషీన్‌ను లాన్‌లో కలపాలంటే ముందేం సిద్ధం చేసుకోవాలి?

నెట్‌వర్క్ అనగానే చాలామంది చెయ్యి కేబుల్ మీదకి పోతుంది. ముందు కాగితం తీసుకోండి. చిన్న ఆఫీసులో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే ఒక కంప్యూటర్‌ను లాన్‌లో, అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో, పెట్టాలనుకుందాం. లినక్స్‌లో ఫైళ్ల పేర్లు మారతాయి గానీ సన్నాహం ఇదే.

మొదటి పని, నెట్‌వర్క్ కార్డును మెషీన్ గుర్తుపట్టిందో లేదో చూడటం. ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టండి. రియల్‌టెక్ కార్డయితే ఆర్‌ఈ0 అని, ఇంటెల్ కార్డుల్లో చాలావాటికి ఈఎమ్0 అని కనబడుతుంది. కింద ఈథర్ అన్న మాట పక్కనే రెండేసి అక్షరాలతో ఆరు జతలుంటాయి, అదే మ్యాక్ అడ్రస్, అంటే ఆ కార్డు గుర్తింపు సంఖ్య. రెండూ రాసుకోండి. ఎల్‌ఓ0 (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే లోపలి దారి) ఒక్కటే కనబడితే కార్డు ఇంకా పట్టుబడలేదన్నమాట, అది తేలేదాకా ముందుకెళ్లొద్దు.

రెండోది ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో మెషీన్‌ను చేరడానికి వాడే సంఖ్య. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. 192.168.1 వరుసలో 254 అడ్రస్‌లు వాడుకోవచ్చు. రౌటర్ తనంతట తాను మెషీన్లకు పంచే అడ్రస్‌ల పరిధి (డీహెచ్‌సీపీ) ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో దాని సెట్టింగుల్లో చూసి, ఆ పరిధి బయట ఒకటి ఎంచుకోండి. పింగ్ (ఒక అడ్రస్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) కొడితే జవాబు రాలేదు కాబట్టి ఖాళీ అనుకోవద్దు. నేనొకసారి అలాగే అనుకుని సర్వర్‌కు ఒక అడ్రస్ పెట్టేశాను. ఆ అడ్రస్ ప్రింటర్‌ది, నేను చూసిన సమయానికి అది ఆఫ్‌లో ఉంది. మర్నాడు ప్రింటర్ వేయగానే సర్వర్ ఉండుండి మాయమవడం మొదలైంది. కారణం దొరకడానికి సగం రోజు పట్టింది. అందుకే ప్రింటర్లు, కెమెరాలతో సహా ఒక్కొక్కటీ కాగితం మీదకెక్కాలి: పేరు, ఐపీ, మ్యాక్, ఏ గదిలో ఉందో. అదే కాగితం మీద నెట్‌మాస్క్ (ఏ అడ్రస్‌లు ఈ లాన్‌వో చెప్పేది), గేట్‌వే (బయటికి దారిచ్చే రౌటర్ అడ్రస్), డీఎన్‌ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్ అడ్రస్) కూడా రాయండి.

మెషీన్ పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప ఇంకేవీ వద్దు, అండర్‌స్కోర్ కూడా.

కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. క్రింప్ చేసిన, అంటే ప్లగ్ నొక్కి బిగించిన, కొనను వెలుతురులో పట్టి చూడండి. తీగల రంగుల వరుస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది తీగల రాగి మొనలూ చివరిదాకా తగలాలి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు చాలు. అందుకే నాలుగో తీగ తెగినా కొన్నిసార్లు నెట్‌వర్క్ పనిచేస్తూనే ఉంటుంది, వేగం మాత్రం పడిపోతుంది.

ఇక నెట్‌వర్క్ సెట్టింగులు రాసే ఫైలు, ఈటీసీలోని ఆర్‌సీ డాట్ కాన్ఫ్ (/etc/rc.conf), దానికి కాపీ తీసి పెట్టుకోండి. అందులో ఒక్క కోట్ మూయడం మరిచినా మెషీన్ మామూలుగా బూట్ అవకుండా సింగిల్ యూజర్ మోడ్‌లో (మరమ్మతుల కోసం ఉండే, నెట్‌వర్క్ లేని స్థితిలో) ఆగిపోవచ్చు. కాబట్టి ఈ పని ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి లాగిన్ అయి, చేయొద్దు. కీబోర్డు, మానిటర్ తగిలించుకుని మెషీన్ ముందే కూర్చోండి.

పింగ్‌తో పరీక్షించే వరుస కూడా ఇప్పుడే రాసుకోండి: 127.0.0.1 (మెషీన్ తనకు తానే), తన సొంత ఐపీ, రౌటర్, బయటి ఐపీ ఒకటి, చివరికి ఏదైనా వెబ్‌సైట్ పేరు. మొదటి నాలుగూ జవాబిచ్చి పేరు దగ్గర ఆగితే కేబుల్ జోలికి పోకుండా డీఎన్‌ఎస్ చూడండి.