మిద్దె తోటల మనసు పెట్టుడెట్ల

తోటపని హాయిగ ఉండాలంటే ముందు తోటనే చిన్నగ పెట్టుకోవాలె. కొత్త ఉషారుల నలభై గ్రోబ్యాగులు తెచ్చి, నెల తిరగకముందే "ఇదో డ్యూటీ అయిపాయె" అని మొత్తుకున్నోళ్లు నాకు తెలుసు. ఐదారు కుండీలు చాలు. ఏ మొక్కకు కొత్త చిగురొచ్చిందో చూడకుండ చెప్పగలిగినన్ని ఉంచుకుంటే చాలు.

నేను హన్మకొండల బస్సు కండక్టర్ని. షిఫ్టంత టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మోత, ఆడోళ్లకు పైసలు లేకుండ ఇచ్చే జీరో టికెట్లు, చిల్లర లొల్లి, "జర లోపలికి జరుగుండ్రమ్మా". దిగినంక గూడ ఆ గోల చెవులల్లనే ఉంటది. కండ్లు మూసుకొని కూసుండి ధ్యానం చెయ్యమని మా ఆడిబిడ్డ చెప్పింది గని, కండ్లు మూస్తే నాకు స్టేజీలే కనవడతయి. చేతులకు పని దొరికితేనే నా తల నిమ్మళమైతది. మీది గూడ అసొంటి తలే అయితే ఇది పనికొస్తది.

ఫోను కిందింట్లనే పెట్టి మిద్దె ఎక్కుండ్రి. కొంగుకు చుట్టుకొని, జేబుల ఏసుకొని పోతే లాభం లేదు. ఒక్కపూట ఒక్క పనే పెట్టుకోవాలె. నీళ్లు పోసే పూట కలుపు కనవడ్డా ముట్టొద్దు. ఇది చెప్పినంత అల్కగ కాదు.

అన్నిట్ల ఎక్కువ హడావుడి అయ్యేది నీళ్ల కాన్నే. పైపు పక్కకు పెట్టి చెంబు పట్టుండ్రి. పొయ్యకముందు వేలు రెండో కణుపు దాక మట్టిలకు గుచ్చి చూడాలె. పైపొర తెల్లగ ఎండినా లోపల సల్లగ తడి తగుల్తది. తగిలితే ఆ కుండీకి ఇయ్యాల నీళ్లు లేవు, ముందుకు నడువుండ్రి. రోజూ పోసి పోసి వేరు కుళ్లగొట్టుకునేటోళ్లు తక్కువేం లేరు. లోపల పొడిగ ఉంటే మొదలు చుట్టూ సన్నగ పోసి ఆగాలె. మట్టి నీళ్లు గుంజుకుంటుంటె బుడగలొస్తయి, సన్నగ చప్పుడైతది. అది ఆగినంక మళ్ల పొయ్యాలె. కింది తూటు నుంచి నీళ్లు కారుడు మొదలైతె ఆపుండ్రి. ఒక్కో కుండీకి ఇంతసేపైతదా అనిపిస్తది. అయితది. అందుకే ఐదారు చాలన్న.

మిట్టమధ్యాహ్నం సోర ఆకులు వేలాడవడితే భయపడి చెంబు పట్టుకొని ఉరకొద్దు. ఎండకు అవి అట్లనే వాడుతయి, పొద్దుగూకినంక లేస్తయి. సాయంత్రం గూడ లేవకుంటే అప్పుడు వేలు గుచ్చి చూడుండ్రి.

కోపమొచ్చిన రోజు మట్టి కలుపుండ్రి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగ తీసుకొని, కుండీకి పిడికెడు వేపపిండి కలపాలె. పార ఎందుకు, చేతులతోనే గడ్డలు చిదుపుండ్రి. ఎరువు మాగిందా లేదా ముక్కే చెప్తది: పేడ వాసనొస్తే ఇంక కాలేదు, తొలి వాన మట్టి వాసనొస్తే అయింది. వంటింటి తుక్కుతోని ఎరువు చేసుకునేటోళ్లకు గూడ ఇదే గుర్తు. పులిసిన వాసన కొడితే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకులు ఏసి కలియబెట్టాలె.

మొదటిసారి ఇత్తేటోళ్లు మెంతులతోని మొదలుపెట్టుండ్రి. మూడు నాలుగు రోజులల్ల మొలుస్తయి, మనసు నిలబడతది. కొత్తిమీర ఓపికను పరీక్ష పెడతది. ధనియాలను చెప్పుతోని మెల్లగ రుద్ది రెండు పప్పులు చేసి ఏసినా, మొలిచేసరికి వారం దాటుతది. ఆ వారంల మట్టి తవ్వి చూడబుద్ధయితది. చేతులు కట్టేసుకొని ఉండుడే ఆ వారం పని. వరంగల్ల ఉన్నోళ్లకు చపాట మిర్చి ఉండనే ఉన్నది. 2025ల భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది దానికి. పొట్టిగ, లావుగ, ఎర్రగ ఉంటది, కారం తక్కువ. ఎండుకాయ దులిపితే వచ్చే గింజలే నారుకు సరిపోతయి.

కలుపు తీసుడు నాకిష్టమైన పని. కుర్పి ఒద్దు, తడి మీద ఏళ్లతోనే వేరుతో సహా వస్తది. తుంగ మాత్రం కింది గడ్డ రాకుండ పైకి లాగితే మళ్ల వారానికే తల లేపుతది. గంగవాయిలిని పారెయ్యకుండ్రి, పెసరపప్పులేసి వండుకోవచ్చు. కలుపే కూరైనప్పుడు ఇంక విసుగెక్కడిది!

ఇగ సోరపువ్వు. ఒక్క తీగైనా పెట్టుకోవాలన్నది నా మాట. తెల్లపువ్వు పొద్దుగూకంగ ఇచ్చుకుంటది, తెల్లారి ఎండకు ముడుసుకపోతది. బీరపువ్వు గూడ సాయంత్రందే. గుమ్మడి మాత్రం పొద్దుగాల. ఆడపువ్వు కింద బొటనవేలంత పిందె ఉంటది, మగపువ్వుకు ఉత్త కాడే. మిద్దెల మీదికి పురుగులు సరిగ రాకుంటే పిందెలు పసుపుపచ్చగై రాలిపోతయి. మగపువ్వును తెంపి, రేకులు ఒలిచి, నడుమ ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మొన మీద మెల్లగ రుద్దాలె. నిమిషం పట్టని పని. కని దానికోసం చీకటిపడే యాళ్లకు మిద్దె మీదనే ఉండాలె, పువ్వు ఇచ్చుకునే దాక ఆగాలె. నన్ను ఆగుమంటే ఆగిచ్చేది అదొక్కటే. కుదిరితే రెండు మూడు రోజులల్ల పిందె ఉబ్బుతది, కాడ కిందికి వంగుతది.

పురుగుల సంగతి ఆకుల వెనుక ఉంటది. రోజూ ఒక్కో మొక్కను పట్టి తిప్పి చూడుండ్రి. పేనుబంక కనవడితే ముందు ఏళ్లతో తుడిచి నీళ్లు కొట్టాలె. ఆగకుంటే లీటరు నీళ్లల్ల ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యాలె. ఎండల కొడితే ఆకులు మాడుతయి.

బతుకమ్మకు సొంత పూలు కావాల్నంటే తొలి ఏకాదశి నాడు బంతి ఇత్తులు ఏసుకోవాలె, మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ నాటికి అందుతయి. మొక్క జానెడెత్తు కాంగనే కొసలు తుంచాలె. పచ్చగ పెరుగుతున్నదాన్ని తుంచ చెయ్యి రాదు. తుంచితేనే పక్క కొమ్మలేసి పూలు ఎక్కువ పూస్తది. కోతులు మాత్రం మీ ఓపికను వేరే తీరుగ చూస్తయి. మా మిద్దె మీద మిర్చిని, పుదీనను ముట్టలేదు. సోరకు పైన వల కట్టిన.

మే నెలల ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులుంటయి, రోహిణికి రోళ్లు పగులుతయని ఊరికే అనలేదు. అప్పుడు కొత్తవి ఏమీ ఏయకుండ్రి. కరివేపాకును, పుదీనను గోడ నీడకు జరిపి మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పుండ్రి. మిగిలిన మట్టిని గోనెపట్ట మీద పోసి వారం పది రోజులు ఎండబెట్టుండ్రి. మృగశిర కార్తె జొచ్చి వాన పడంగనే ఎరువు కలిపి మళ్ల నింపుకుందురు.