ఎర్రమట్టి మీద ట్రైలర్: ముందు చెక్క, తర్వాతే జాకీ

ఒడిశాలోని కొరాపుట్ దగ్గర కొలాబ్ జలాశయం పక్కన చెట్ల కింద ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల బస చేసే బండి) నిలిపేవాళ్లకు ఒక మాట. అక్కడి ఎర్రమట్టి ఎండకి రాయిలా ఉంటుంది, గట్టి వాన పడితే జాకీ కాలు అందులోకి దిగిపోతుంది. ప్రతి కాలు కిందా అడుగు చదరం చెక్క వేయండి.

ముందు పక్కవాటు మట్టం: పల్లంవైపు చక్రాన్ని పలక మీదికి ఎక్కించాలి. చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు బిగించాకే కొక్కెం విప్పండి, లేదంటే బండి నీళ్లవైపు జారుతుంది. ఆ తర్వాత ముక్కు జాకీతో, అంటే బండి ముందు కొక్కెం దగ్గరుండే జాకీతో, ముందువెనకలు సరిచేయాలి. మూలల కాళ్లు ఉన్నది బండి ఊగకుండా ఆపడానికే. వాటితో బండిని ఎత్తితే ఫ్రేము మెలిపడి తలుపు పట్టేస్తుంది.

తాపీమేస్త్రి రసమట్టం చాలు. గ్యాస్ ఫ్రిజ్ ఉంటే మాత్రం మట్టం దగ్గర అశ్రద్ధ వద్దండి, ఒరిగితే లోపలి అమ్మోనియా ద్రవం సరిగా పారక చల్లదనం పోతుంది.