బెంగళూరులో మీ బిడ్డకు బడిలో సీటు లేదంటే ఏం చేయాలి

మాది అనంతపురం. బెంగళూరు వచ్చి ఏడేళ్లయింది. మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ. వాకర్ పట్టుకుని నడుస్తాడు, మాట నిదానం. ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్తే ఇంటి దగ్గరి బడిలో "ఇలాంటి పిల్లల్ని చూసుకునే టీచర్లు లేరమ్మా, స్పెషల్ స్కూల్ చూసుకోండి" అన్నారు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేశాను. ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడిగుంటే వాడికి ఒక ఏడాది పోయేది కాదు.

అందుకే ముందు అడ్మిషన్ కోసం అర్జీ రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. వాళ్లు తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని రెండు సెక్షన్లు అర్జీలో తప్పకుండా రాయండి. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు, ప్రైవేటువైనా సరే, వివక్ష లేకుండా చేర్చుకోవాలి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. ఇంటి దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది బిడ్డ ఇష్టం. బడి ఇష్టం కాదు.

మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇంకో మాట. "ఆంధ్రా సదరం సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు" అని నాకూ చెప్పారు. నమ్మకండి. వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని 58వ సెక్షన్‌లోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి సంచిలో పెట్టుకోండి.

బడి కదలకపోతే బి.ఇ.ఓ. (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లండి. అధికారి కోసం బయట బెంచీ మీద కూర్చోవద్దు. నేరుగా టపాల్ సెక్షన్‌లో, అంటే ఉత్తరాలు తీసుకునే చోట, అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. కన్నడంలో రాస్తే పని తొందరగా అవుతుంది. నాకు కింది పోర్షన్ అక్క రాసిపెట్టింది.  

నా విషయంలో పని చేసింది సమాచార హక్కు అర్జీ. విధాన సౌధ దగ్గరి పెద్ద పోస్టాఫీసు జి.పి.ఓ.లో 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ కొన్నాను. కర్ణాటకలో ఒక నియమం ఉంది: అర్జీ 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. "మా బాబుకు న్యాయం చేయండి" అని రాస్తే జవాబు రాదు. లెక్క అడగాలి. నా అర్జీ ఏ తేదీన ఎవరి టేబుల్ మీదికి వెళ్లింది? ఏం చర్య తీసుకున్నారు? ఈ బ్లాకులో వైకల్యం ఉన్న పిల్లలెందరు, స్పెషల్ టీచర్ పోస్టులెన్ని, అందులో ఖాళీలెన్ని? ప్రైమరీలో అలాంటి పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత కేంద్రం నిబంధన పెట్టింది. ఖాళీల సంఖ్య కాగితం మీదికొస్తే "టీచర్లు లేరు" అన్న మాటకు జవాబు చెప్పుకోవాల్సింది ప్రభుత్వమే. జవాబుకు గడువు 30 రోజులు. నాకు ఇరవై రెండో రోజునే ఫోను వచ్చింది, "బాబును తీసుకురండి" అని. ఫోనులో చెప్పింది చాలదన్నాను. ఉత్తర్వు చేతికొచ్చాకే వెళ్లాను.

అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. సివిల్ కోర్టులా పిలిపించి విచారించే అధికారం ఆయనకుంది. ఆయన సిఫార్సు మీద మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, లేదా ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. లాయరు లేకుండా మనమే ఫిర్యాదు ఇవ్వొచ్చు. అప్పటిదాకా దాచిన ముద్ర కాగితాలన్నీ తేదీల వారీగా జతచేయండి.

మా వాడిప్పుడు రెండో తరగతి. గేటు దగ్గర ర్యాంపు వేశారు గానీ, బాత్రూముకు ఇంకా రెండు మెట్లున్నాయి. వాడు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటున్నాడు. మెట్ల మీద అర్జీ సోమవారం ఇచ్చాను. ముద్ర వేయించుకున్నాను.