పాత స్వింగ్ బ్యాండ్ ఫిల్ముల్లో తేడాలు: ఏది లోపం, ఏది కాదు, ఎలా సరిచేయాలి

స్వింగ్ అంటే 1930, 40ల్లో అమెరికా జనం డ్యాన్సు చేసిన జాజ్ సంగీతం. అది వాయించిన డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ, కాబ్ క్యాలోవే, గ్లెన్ మిల్లర్ బ్యాండ్ల పాత ఫిల్ములు ఇప్పుడు నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి. కాకపోతే కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసి పెట్టినవి కాబట్టి ఏదో ఒక తేడా ఉంటుంది. బొమ్మ తిరగబడి ఉంటుంది, లేదా పాట పరిగెడుతుంది, లేదా మొత్తం గుయ్యిమంటుంది. నేను కొన్నేళ్లుగా ఇలాంటివి దించుకుని ఖాళీ దొరికినప్పుడల్లా బాగుచేసుకుంటున్నాను. మొదట్లో చేసిన తప్పు ఒకటే, క్లిప్పును సరిగ్గా చూడకుండానే సాఫ్ట్‌వేర్ తెరిచేయడం. నిజానికి తేడా ఎక్కడుందో తెరమీద ఉన్న బ్యాండే చెబుతుంది. డ్రమ్ గుండ్రంగా ఉండాలి, శాక్సఫోన్ మీద ఎడమచేయి పైన ఉండాలి, కోటు జేబు ఎడమవైపు ఉండాలి. ముందు ఇవి చూడండి, తర్వాతే మౌసు పట్టుకోండి.

అందరూ ఎడమచేత్తో వాయిస్తున్నారు

ట్రంపెట్ మీటలు ఎడమచేత్తో నొక్కుతున్నారు, ట్రాంబోన్ గొట్టం ఎడమచేత్తో లాగుతున్నారు, కోటు జేబులో రుమాలు కుడివైపు ఉంది. ఒక్కడైతే ఎడమచేతివాటం అనుకోవచ్చు, పదిహేను మందీ ఒకేసారి అలా ఉండరు కదా. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడింది.

ఇలాంటి క్లిప్ మూడు నిమిషాల లోపుంటే అది చాలావరకు 'సౌండీ' అయి ఉంటుంది. 1940లో షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ పనోరామ్ అనే యంత్రాన్ని బయటపెట్టింది, బార్లలో, హోటళ్లలో బీరువాలా నిలబెట్టేవాళ్లు. 10 సెంట్ల నాణెం వేస్తే ఒక పాట బొమ్మతో సహా వచ్చేది, ఆ పాటల ఫిల్ములే సౌండీలు. రీలులో ఎనిమిది పాటలు వరుసగా చుట్టి ఉండేవి, మనకు కావాల్సింది ఎంచుకునే వీల్లేదు, ఏది వంతైతే అదే. ప్రొజెక్టర్ పెట్టె లోపలే ఉండి, వెలుగు అద్దాల మీద తగిలి తెర వెనకనుంచి పడేది. అద్దంలో తిరగబడ్డ బొమ్మ జనానికి సరిగ్గా కనబడాలంటే ఫిల్మును ముందే తిప్పి ప్రింటు వేయాలి, అలాగే వేశారు. ఆ 16 ఎంఎం ప్రింటును మామూలు యంత్రంలో స్కాన్ చేసినవాళ్లు తిప్పడం మర్చిపోతే మనకు ఇలా వస్తుంది. పేర్లు పడే అట్ట చూస్తే అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి తెలిసిపోవాలి, కానీ చాలామంది ఆ అట్ట కత్తిరించి తమ ఛానల్ పేరు పెట్టుకుంటారు.

సరిచేయడం ఒక్క నిమిషం పని. ఏ ఎడిటర్‌లోనైనా అడ్డంగా తిప్పే ఆప్షన్ ఉంటుంది, కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు హెచ్‌ఫ్లిప్ ఫిల్టర్. అయితే సౌండీ అని తెలియగానే గుడ్డిగా తిప్పేయకండి, మీకంటే ముందు ఎవరో తిప్పేసి ఉండొచ్చు. పియానో కనబడితే మంద్రస్థాయి మెట్లు వాయించేవాడి ఎడమచేతివైపు ఉన్నాయో లేదో చూడండి, కనబడకపోతే శాక్సఫోన్ వరస చూడండి. శాక్సఫోన్‌కు ఎడమచేతివాటం వాళ్లయినా ఎడమచేయే పైన పెట్టాలి, వాయిద్యం కట్టుబడి అలాంటిది. అందుకే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

డ్రమ్ కోడిగుడ్డులా ఉంది

అప్పటి ఫిల్ములన్నీ దాదాపు 4:3 ఆకారంలోనివి. ఎవరో టీవీ నిండా కనబడాలని పక్కలకు సాగదీశారు. నేరుగా ముందునుంచి తీసిన షాట్‌లో పెద్ద డ్రమ్ గుండ్రంగా లేకపోతే అదే సంగతి. వీఎల్‌సీ ప్లేయర్‌లో 'ఎ' నొక్కుతూ పోతే 4:3 వస్తుంది. డ్రమ్ గుండ్రంగానే ఉండి వెనక వరసవాళ్ల తలలు తెగిపోతుంటే మాత్రం సాగదీయలేదు, పైనా కిందా కోసేశారు. దానికి మందు లేదు, వేరే కాపీ వెతుక్కోవాలి.

పాట కాస్త తొందరగా, శృతి కాస్త పైకి

ఇది చెవికి వెంటనే దొరకదు, ఇంకో కాపీతో పోల్చినప్పుడే తెలుస్తుంది. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. యూరప్, ఇండియా టీవీ పద్ధతి 25. ఆ టేపుల కోసం ఎక్కించేటప్పుడు 24ని 25గా పరిగెత్తించేవాళ్లు. దాంతో వేగం నాలుగు శాతం పెరుగుతుంది, మూడు నిమిషాల పాట ఏడు సెకన్ల ముందే అయిపోతుంది, శృతి అర మెట్టుకు కొంచెం తక్కువగా పైకి పోతుంది.

కనిపెట్టడానికి శృతిపెట్టె యాప్ చాలు. ట్రంపెట్, క్లారినెట్, టెనర్ శాక్సఫోన్ బి-ఫ్లాట్ వాయిద్యాలు, ఆల్టో శాక్సఫోన్ ఇ-ఫ్లాట్, అందుకని ఈ బ్యాండ్లు ఎక్కువగా ఫ్లాట్ శృతుల్లోనే వాయించేవి. ఉదాహరణకు గ్లెన్ మిల్లర్ బ్యాండ్ 'ఇన్ ద మూడ్'ను ఎ-ఫ్లాట్‌లో వాయించేది, మన లెక్కలో అయిదున్నర శృతి. మీ క్లిప్‌లో అది అయిదున్నరకూ ఆరుకూ మధ్య, ఆరుకు దగ్గరగా వేలాడుతుంటే 25 ఫ్రేముల కాపీ దొరికినట్టే.

ఇక్కడ జాగ్రత్త: టెంపో మార్చే ఎఫెక్ట్ వాడకండి, అది శృతిని అలాగే ఉంచుతుంది. శబ్దం సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేగమూ శృతీ కలిపి మార్చేది వేరే ఉంటుంది, అందులో 0.96 ఇవ్వండి. బొమ్మను కూడా మళ్లీ 24కు దించాలి, లేకపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది, దాని గురించి కిందే చెబుతున్నాను.

అన్నట్టు, వేగంగా కనబడిందల్లా తప్పు కాదు. హార్లెం సవాయ్ బాల్‌రూమ్ నుంచి వచ్చిన లిండీ హాప్ డ్యాన్సర్లను 1941 నాటి హాలీవుడ్ సినిమాలో చూసి, ఫిల్ము పరిగెత్తిస్తున్నారని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. వాళ్లు నిజంగానే అంత వేగం. అనుమానముంటే ఎగిరినవాళ్లు కిందికి దిగే తీరు చూడండి, బరువుగా దిగితే వేగం సరిగ్గానే ఉంది, బొమ్మలా టపీమని పడితే పరిగెత్తించారు. మూగ కెమెరాతో సెకనుకు 16, 18 ఫ్రేముల చొప్పున తీసిన పాత డ్యాన్సు హాలు షాట్లకు మాత్రం ఈ జబ్బు నిజంగా ఉంటుంది. వాటి మీద పాట తర్వాత అతికించింది కాబట్టి బొమ్మను మాత్రమే నెమ్మది చేయండి, పాట జోలికి పోవద్దు.

వేళ్లు ఒకటి వాయిస్తుంటే పాట ఇంకోటి వినబడుతోంది

అందరినీ ముంచేది ఇదే. నేను ఒక ట్రంపెట్ సోలో కోసం రాత్రి రెండింటి దాకా కూర్చుని శబ్దాన్ని ముందుకూ వెనక్కూ జరిపాను, కుదరలేదు. కుదరదు కూడా, ఎందుకంటే అక్కడ లోపమే లేదు.

మనకు ప్లేబ్యాక్ కొత్త కాదు, ఘంటసాల పాడితే రామారావు పెదవులు కలిపాడు. అక్కడా అదే, కాకపోతే పాటకే కాదు, వాయిద్యానికీ. పాటను ముందు స్టూడియోలో రికార్డు చేసి, తర్వాత సెట్టులో దాన్ని మోగిస్తూ బ్యాండు వాయిస్తున్నట్టు నటించేది. సౌండీలు దాదాపు అన్నీ ఇంతే. తమ సోలోనే అయినా అచ్చం అలాగే మళ్లీ వేళ్లు కదపడం ఎవరికైనా కష్టం. పైగా కొన్నిసార్లు తెరమీద ఉన్నవాళ్లు వాయిద్యకారులే కాదు. 1942 నాటి 'ఆర్కెస్ట్రా వైవ్స్'లో మిల్లర్ బ్యాండులో పియానో ముందు సీజర్ రొమేరో, బాస్ పట్టుకుని జాకీ గ్లీసన్, ట్రంపెట్‌తో జార్జ్ మాంట్‌గొమరీ కనబడతారు, ముగ్గురూ నటులే. నటి లిన్ బారీ పాడుతున్నట్టు కనబడుతుంది, గొంతు మాత్రం గాయని ప్యాట్ ఫ్రైడేది.

కాబట్టి వేళ్లను చూసి సింక్ తేల్చకండి. డ్రమ్మర్ తాళం పళ్లెం మీద గట్టిగా కొట్టిన దెబ్బ, చప్పట్లు, టాప్ డ్యాన్సు బూట్ల టకటకలు, ఇలాంటివి మూడు చోట్ల చూడండి: మొదట్లో, మధ్యలో, చివర్లో. మూడు చోట్లా తేడా ఒక వరసంటూ లేకుండా మూడు రకాలుగా ఉంటే అది నటన, వదిలేయండి. మూడు చోట్లా ఒకేలా ఉంటే స్కాన్ తప్పు. 16 ఎంఎం ఫిల్ములో శబ్దపు గీత (ఫిల్ము అంచున శబ్దం అచ్చయి ఉండే గీత), దాని బొమ్మ పక్కన ఉండదు, 26 ఫ్రేములు ముందు ఉంటుంది, ఎందుకంటే ప్రొజెక్టర్‌లో బొమ్మ వెలిగేది ఒకచోట, శబ్దం చదివేది ఇంకోచోట. రెండింటినీ ఒకేచోట చదివి ఈ జరుపు లెక్క వేయకపోతే శబ్దం ఒక సెకను కంటే కాస్త ఎక్కువ ముందు వస్తుంది. 35 ఎంఎంలో అయితే ఇరవై ఫ్రేములు అటూ ఇటూ. వీఎల్‌సీలో 'కె' ఒకసారి నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, 'జె' నొక్కితే ముందుకొస్తుంది. కె ఇరవైరెండు సార్లు నొక్కగానే కుదిరిపోయిందంటే జబ్బు ఇదే.

మొదట్లో బాగుండి పోనుపోనూ తేడా పెరుగుతుంటే బొమ్మ ఒక వేగంలో, శబ్దం ఇంకో వేగంలో ఉన్నాయి. పది సెకన్లకే దాదాపు అర సెకను తేడా వచ్చిందా, ఒకటి 24, ఒకటి 25. మూడు నిమిషాల చివర్లో రవ్వంత, సెకనులో అయిదో వంతు లోపు వచ్చిందా, ఒకటి 24, ఒకటి అమెరికన్ వీడియో 23.976. పొడవులు పోల్చి సాగదీస్తే సరిపోతుంది.

ఒకచోట దాకా బాగుండి అక్కడినుంచి హఠాత్తుగా తప్పితే ఫిల్ము తెగి అతికించారన్నమాట. ఇది ఎక్కువగా తొలినాళ్ల విటాఫోన్ లఘుచిత్రాల్లో. 1926లో వచ్చిన ఆ పద్ధతిలో శబ్దం ఫిల్ము మీద ఉండదు, 16 అంగుళాల డిస్కు మీద విడిగా ఉంటుంది, ముల్లు లోపలినుంచి బయటికి నడుస్తుంది. నాలుగు ఫ్రేములు చిరిగి పోతే డిస్కుకు ఆ సంగతి తెలియదు. అందుకే అప్పటి థియేటర్లలో పోయినన్ని ఫ్రేముల నల్ల ఫిల్మును అక్కడ అతికించేవాళ్లు, మీరూ అదే చేయండి, లేదా ముందున్న ఫ్రేమును అన్నిసార్లు నిలిపి ఉంచండి. విటాఫోన్ అనే పేరు చూసి డిస్కు కోసం మాత్రం వెతక్కండి. 1930ల మొదట్లోనే డిస్కులు పోయాయి, పేరు మిగిలింది, 1939లో ఆర్టీ షా బ్యాండుతో తీసిన విటాఫోన్ లఘుచిత్రంలో శబ్దం ఫిల్ము మీదే ఉంది.

గుయ్యిమనే చప్పుడు

మనవాళ్లు అలవాటుగా 50 హెర్ట్జ్ ఫిల్టర్ వేసేసి, పోలేదంటారు. మనింట్లో కరెంటు 50, అమెరికాలో 60, ఆ గుయ్ అక్కడిది. ముందు స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) తెరిచి గీత ఎక్కడ నిలబడిందో చూడండి, నాకైతే ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. సరిగ్గా 60 దగ్గర ఉంటే ఫిల్ము వేగం కూడా బాగుందని నమ్మొచ్చు. 62.5 దగ్గర ఉందా? అరవైని 24తో భాగించి 25తో హెచ్చించండి. పైన చెప్పిన వేగం జబ్బు ఇక్కడ దొరికిపోయింది, శృతిపెట్టె కూడా అక్కర్లేదు. ముందు వేగం సరిచేసి, తర్వాత గుయ్ తీయండి.

96 దగ్గర ఉంటే అది కరెంటు కాదు, 35 ఎంఎం ఫిల్ము చిల్లులు. ఒక్కో ఫ్రేముకు నాలుగు చిల్లులు, సెకనుకు 24 ఫ్రేములు, నాలుగిరవైనాలుగులు తొంభైఆరు. అదే 25కు పరిగెత్తిస్తే 100 అవుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌కు రెట్టింపు కూడా వంద దగ్గరే పడుతుంది కాబట్టి 50 దగ్గర ఇంకో గీత ఉందో లేదో చూసుకుని తేల్చండి.

సన్నటి ఫిల్టర్‌తో ఆ ఒక్క గీతను తీయండి, చాలు. బుసబుస శబ్దం మొత్తం పోవాలని నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ గట్టిగా బిగిస్తే దానితోపాటు తాళం పళ్లేల మీద బ్రష్షుల రాపిడి పోతుంది, స్వింగ్ నడిచేదే దాని మీద. 16 ఎంఎం శబ్దపు గీతలో పైస్థాయి అసలే తక్కువ, ఉన్న కాస్తా తుడిచేస్తే దుప్పటి కప్పుకుని వాయించినట్టుంటుంది.

గిటారిస్టు మొహం ఎప్పుడూ చీకట్లోనే

1944లో జాన్ మిలీ వార్నర్ బ్రదర్స్ కోసం తీసిన, శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ ఉన్న లఘుచిత్రం చూసి వెలుతురు పెంచుతున్నారా? ఆగండి. అందులో గిటారిస్టు బార్నీ కెసెల్ ఒక్కడే తెల్లవాడు. నల్లవాళ్లతో కలిసి వాయిస్తున్నట్టు తెలియకూడదని అతన్ని నీడలో కూర్చోబెట్టారు, చేతులకు బెర్రీ పళ్ల రసం పూశారు. చీకటి ప్రింటుది కాదు.

ఇలాంటిదే ఇంకోటి: పూర్తి సినిమాలో ఒక నల్లజాతి బ్యాండు పాట ఒక కాపీలో ఉంటుంది, ఇంకో కాపీలో ఉండదు, కథ మాత్రం ఎక్కడా తెగదు. స్కాన్‌లో పోయిందనుకుంటాం. అమెరికా దక్షిణ రాష్ట్రాల థియేటర్లవాళ్లు కోసేసుకునే వీలుగా అలాంటి పాటలను కథతో సంబంధం లేకుండా విడిగా తీసేవాళ్లు. మీ కాపీ అలా కోసిన ప్రింటునుంచి వచ్చి ఉండొచ్చు, ఇంకో కాపీ వెతకడం తప్ప దారి లేదు.

ట్రాంబోన్ రబ్బరులా సాగుతోంది

ఏఐతో సెకనుకు 60 ఫ్రేములు చేసి, మొహాలకు మైనం పూసి, రంగులు వేశారు. తిరిగి వెనక్కి తేలేం. అసలు స్కాన్ వెతకండి. సౌండీలైతే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర ఉన్నాయి, 2023లో కినో లార్బర్ అనే సంస్థ 200 సౌండీలతో బ్లూరే సెట్టు తెచ్చింది.

రీలు డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన

అమెరికాలో ఉన్నవాళ్లు పాత సామాన్ల అమ్మకాల్లో 16 ఎంఎం రీళ్లు కొంటుంటారు కాబట్టి ఇది కూడా. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్ము కుళ్లడం మొదలైంది, వేడికీ తేమకూ ఇంకా తొందరగా అవుతుంది, ఆగదు. ప్రొజెక్టర్‌లో పెట్టకండి, కుంచించుకుపోయిన ఫిల్ము చిల్లుల దగ్గర చిరుగుతుంది. పళ్ల చక్రం లేకుండా నడిపే స్కానర్ ఉన్నవాళ్లకు ఇచ్చి వెంటనే స్కాన్ చేయించండి. ఈలోపు ఆ డబ్బాను మిగతా రీళ్లకు దూరంగా, చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టండి, దాని ఆవిరి పక్కవాటికీ అంటుకుంటుంది.